తుంగ చూసి చిత్తడి అనుకుని బోల్తా పడ్డాను: మెట్ట మొక్కల్ని, చిత్తడి మొక్కల్ని ఫీల్డ్‌లో గుర్తుపట్టడం ఎలా?

బురదకాళ్ళు
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నేను చదివింది జువాలజీ. పక్షుల మీద ఇష్టంతో సర్వే పనిలోకి వచ్చాను, తీరా వచ్చాక పక్షుల కంటే ముందు గడ్డి నేర్చుకోవాలని తెలిసింది. పోయిన నెల మాకు ఇచ్చిన పని ఏంటంటే, ఒక మడుగు చుట్టూ తిరిగి చిత్తడి ఎక్కడ ఆగుతుందో, మెట్ట ఎక్కడ మొదలవుతుందో మొక్కల్ని బట్టి గీత గీయడం. నీళ్ళు అప్పటికే వెనక్కి పోయాయి, నేలంతా పగుళ్ళు. నాకు తెలిసింది ఒకటే ముక్క, తుంగ ఉంటే తడి ఉంటుందని. తుంగ కనిపిస్తూనే ఉంది, నేను గీత జరుపుకుంటూ పోయాను, అలా గట్టు కూడా దాటేసి ఓ 40 మీటర్లు బయటికి వెళ్ళిపోయాను.

మా సీనియర్ వచ్చి తిట్టలేదు, అదే నయం. వంగి ఒక మొక్కని వేరుతో పీకాడు. సన్నటి తీగకి నల్లటి దుంపలు దండ గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. ఒకటి గిల్లి వాసన చూడమన్నాడు, ఘాటుగా, ఏదో మందు వాసన. "ఇది తుంగముస్తె, ఎండు చేలో కూడా కలుపై లేస్తుంది, దీన్ని చూసి చిత్తడి అంటే సగం చేలు చిత్తడే" అని రిపోర్టు నా చేతిలో పెట్టి మళ్ళీ చేయమన్నాడు.

నాకు 2 వారాల టైముంది. పుస్తకం తెరిస్తే 1,000 పేర్లు, మొదటి పేజీలోనే నిద్ర వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

కంకిలెన్స్
స్వాగతం. ఆ తుంగముస్తె దగ్గర పడనివాళ్ళు ఈ వేదికలో ఎవరూ లేరు, నేను రెండుసార్లు పడ్డాను.

పేర్లతో మొదలుపెట్టకండి. ముందు వేళ్ళతో మొదలుపెట్టండి, అంటే మీ చేతివేళ్ళతో. గడ్డిలా కనిపించే ప్రతిదాని కాడనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తిప్పండి. పలకలు తగిలి ఆగి ఆగి తిరిగితే తుంగ కుటుంబం. నున్నగా తిరిగి, మధ్యలో కణుపులు తగిలితే గడ్డి కుటుంబం. తర్వాత ఆకుల వరస పైనుంచి చూడండి. తుంగలో ఆకులు మూడు దిక్కులకి పోతాయి, గడ్డిలో రెండు దిక్కులకే, ఇటొకటి అటొకటి. ఆకు మొదట్లో కాడని చుట్టుకునే తొడుగు చూడండి. తుంగలో అది కుట్టేసిన గొట్టంలా మూసుకుని ఉంటుంది, గడ్డిలో మామూలుగా ఒక పక్క చీలి ఉంటుంది. ఈ మూడూ కలిసొస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

పలకల్లేని తుంగలు కూడా ఉన్నాయి. ఎలియోకారిస్ అనే జాతికి ఆకులే ఉండవు, పచ్చటి పుల్లలు గుచ్చినట్టు నిలబడతాయి, పుల్ల కొసన ఒకే ఒక్క కంకి. కాడ చాలావరకు గుండ్రమే. వాటిలో ఒక పెద్ద రకం ఉంది, దాని కాడ లోపల అడ్డగోడలు ఉంటాయి, రెండు వేళ్ళతో నొక్కుకుంటూ పోతే టప్ టప్ అని చిన్న చప్పుడు వస్తుంది. ఒకసారి విన్నారంటే ఆ మొక్కని జన్మలో మర్చిపోరు. అది నిలబడిందంటే కింద నీళ్ళు నిలిచే చోటే.

ఒక లెన్స్ కొనుక్కోండి, 10 రెట్లది చాలు. మెడలో వేసుకోండి, సంచిలో పెడితే తీయరు.

మెట్టదారి
ఇంత కష్టం ఎందుకండీ. నేను పాటించే సూత్రం తేలిక. ఆకు చిన్నగా, మందంగా, నూగుతో, లేదా మైనం పూసినట్టు ఉంటే మెట్ట. ఆకు పల్చగా, వెడల్పుగా, కాడ మెత్తగా ఉంటే తడి. జిల్లేడు ఆకు గీరితే పొడి రాలుతుంది, వెంపలి వేరు లాగితే చెయ్యి తెగుతుంది గానీ వేరు రాదు, పిండికూర ఒళ్ళంతా తెల్ల నూగు, పల్లేరు నేలకి అంటుకుని పడుకుంటుంది. ఇవన్నీ నీళ్ళు దొరకని చోట బతికే ఏర్పాట్లు. తడిలో ఉన్నదానికి ఈ ఆర్భాటం ఎందుకు?

ఉప్పుగాలి
మెట్టదారి గారూ, ఈ సూత్రం పట్టుకుని ఒకసారి సముద్రం పక్క ఉప్పు బురదలోకి రండి. కాళ్ళు మోకాలి దాకా దిగుతాయి, చుట్టూ ఉన్న మొక్కల ఆకులు మాత్రం లావుగా, రసంతో ఉబ్బి ఉంటాయి. నీళ్ళు ఎదురుగానే ఉన్నా ఉప్పు నీళ్ళని పీల్చడం మొక్కకి కష్టం, అందుకే ఎడారి మొక్కలా దాచుకుంటుంది. మడ చెట్ల ఆకులైతే తోలులా ఉంటాయి. ఆ ఆకు ఒక్కటే తెచ్చి చూపిస్తే మీరు కచ్చితంగా మెట్ట అని రాసేస్తారు.

కాబట్టి మందం ఆకు అంటే నీటి కరువు అని చదవండి, మెట్ట అని కాదు. కరువు ఎందుకొచ్చిందో ఆకు చెప్పదు.

మెట్టదారి
ఒప్పుకున్నాను. నేను తిరిగేదంతా రాళ్ళ గుట్టలు, ఉప్పు బురద చూసింది తక్కువ. పల్చటి ఆకుల మాట కూడా పూర్తిగా నిజం కాదులెండి, నీడలో పెరిగే మెట్ట మొక్కలకి కూడా వెడల్పాటి పల్చటి ఆకులే ఉంటాయి. తల్లివేరు సంగతి మాత్రం వదలను, లోతుకి దిగిన గట్టి తల్లివేరు నిలవ నీళ్ళ బురదలో నేనెప్పుడూ చూడలేదు.

గట్టుమీదచెట్టు
ఆకు కంటే కాడ అడుగు నమ్మకమైన సాక్షి. నా పద్ధతి చెప్తాను, ఒక చిన్న చాకు చాలు.

నీళ్ళలో మునిగిన మట్టిలో వేరుకి ఊపిరాడదు. గాలిలో కదిలినదాంతో పోలిస్తే నీళ్ళలో ఆక్సిజన్ కదలిక దాదాపు 10,000 రెట్లు నెమ్మది. అందుకని చిత్తడి మొక్క పైనుంచి గాలిని కిందికి పంపే గొట్టాలు కట్టుకుంటుంది. బెండు అంటాం కదా, అదే. జమ్ము ఆకుని అడ్డంగా కోసి లెన్స్ కింద పెట్టండి, గదులు గదులుగా, అచ్చం తేనెపట్టే. తామర కాడ విరిస్తే బొక్కలు కంటికే కనిపిస్తాయి. నీరు జీలుగు కాడ పట్టుకుంటే బరువే ఉండదు, మొత్తం బెండే. తూటికూర తీగ బోలుగా ఉంటుంది కాబట్టే నీళ్ళ మీద తేలుతూ పోతుంది. నీటి మీద పాకే లుడ్విజియా ఒకటుంది, దాని కణుపుల దగ్గర తెల్లటి దూదిపింజల్లాంటి వేళ్ళు పైకి లేస్తాయి. మొదటిసారి చూసి ఏదో పురుగు గూడు అనుకున్నాను.

ఇంకొకటి, నీళ్ళు పెరిగినప్పుడు కొన్ని మొక్కలు మునిగిన కాండం మీద కొత్త వేళ్ళు వేస్తాయి. నీళ్ళు తగ్గాక ఆ వేళ్ళు ఎండి గడ్డంలా వేలాడుతుంటాయి. అవి నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి, పోయిన సీజన్లో నీళ్ళు కనీసం ఎంత వరకు నిలిచాయో మొక్కే చెప్పేస్తుంది. చెట్ల మొదళ్ళ మీద బురద మరక కూడా చూడండి.

బురదకాళ్ళు
గట్టుమీదచెట్టు గారూ, బెండు సంగతి చదివి వెంటనే బయటికి పోయి నాలుగు కాడలు కోసి వచ్చాను. ఇంత తేలికైనది ఎవరూ ఎందుకు చెప్పలేదో.

ఒక డౌటు. మడుగు లోపలి అంచున తుమ్మచెట్లు ఉన్నాయి, గట్టు బయట కూడా ఉన్నాయి. ముళ్ళు, సన్నటి ఆకులు, నాకు రెండూ ఒకటే. తుమ్మ తడి చెట్టా, మెట్ట చెట్టా?

గట్టుమీదచెట్టు
మీరు చూసింది ఒకే తుమ్మ కాకపోవచ్చు. కాయ చూశారా? నల్లతుమ్మ కాయ పూసల దండలా గింజకీ గింజకీ మధ్య నొక్కుకుపోయి ఉంటుంది, పూలు గుండ్రటి పసుపు బంతులు. సర్కారు తుమ్మ కాయకి ఆ నొక్కులు ఉండవు, చిక్కుడులా సాఫీగా ఉంటుంది, పూలు వేలు పొడుగు కంకి. నల్లతుమ్మ నీళ్ళలో కొన్ని నెలలు నిలబడి కూడా బతుకుతుంది. సర్కారు తుమ్మ వరసగా వానల్లేని ఏళ్ళు వస్తే ఎండిన అడుగులోకి చొరబడుతుంది. దాని వేరు ఎంత లోతుకైనా దిగుతుంది. అమెరికాలో అరిజోనా గనిలో ఈ జాతి వేరు 50 మీటర్లకి పైగా లోతున దొరికిందని రాశారు. అలాంటి చెట్టు పచ్చగా ఉందని నేల తడిగా ఉందనుకోవడం కష్టం, అది తాగేది ఎక్కడో కింద.

చెట్టు విషయంలో గుర్తుంచుకోవాల్సింది వయసు. చెట్టు పదేళ్ళ కిందటి నీళ్ళ లెక్కన మొలిచి ఉండొచ్చు, దాని కింద ఉన్న ఏడాది మొక్కలు మాత్రం ఈ సీజన్ సంగతే చెప్తాయి. రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ఆ చోట ఏదో మారిందని అర్థం. నీళ్ళ దారి మళ్ళించి ఉండొచ్చు, గట్టు తెగి ఉండొచ్చు. నాకైతే అలాంటి చోట్లే ఎక్కువ ఇష్టం.

నూటికినూరు
ఇప్పటిదాకా అందరూ ఒక్కో మొక్కనే పట్టుకుని మాట్లాడుతున్నారు. గీత గీయాలంటే గుంపుని లెక్కపెట్టాలి. అమెరికా వాళ్ళు 1988లో ఒక జాబితా వేశారు, ఇప్పుడు అక్కడి ఆర్మీ ఇంజనీర్ల విభాగం దాన్ని చూస్తుంది. మొక్కల్ని 5 తరగతులు చేశారు. మొదటి తరగతివి 99 శాతానికి పైగా చిత్తడిలోనే దొరుకుతాయి. రెండోవి 67 నుంచి 99 శాతం, మూడోవి 34 నుంచి 66, అంటే అటూ ఇటూ. నాలుగోవి 1 నుంచి 33 శాతమే చిత్తడిలో. ఐదోవి దాదాపు ఎప్పుడూ మెట్టే.

ఇక లెక్క. ఒక ముక్క నేల తీసుకుని ఏ మొక్క ఎంత శాతం నేలని కప్పిందో చూస్తారు, దాన్ని తరగతి నంబరుతో గుణిస్తారు, మొత్తం కూడి కప్పిన శాతాల మొత్తంతో భాగిస్తారు. 3 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే చిత్తడి గుంపు. ఉదాహరణకి మొదటి తరగతిది 40 శాతం, మూడో తరగతిది 30, ఐదో తరగతిది 10 ఉన్నాయనుకోండి. 40, 90, 50 కలిపితే 180. దాన్ని 80తో భాగిస్తే 2.25, చిత్తడి. అదే ముక్కకి 10 అడుగుల పైన నాలుగో తరగతి గడ్డి 60 శాతం, మొదటి తరగతి తుంగ 20 శాతం ఉంటే 240, 20 కలిపి 260, భాగిస్తే 3.25, మెట్ట. తుంగ అక్కడా ఉంది చూడండి. బురదకాళ్ళు గారు మోసపోయింది సరిగ్గా ఇక్కడే, ఆయన తుంగని చూశాడు గానీ దాని పక్కన ఎవరున్నారో చూడలేదు.

ఉప్పుగాలి
లెక్క బాగుంది గానీ ఆ జాబితా ఇంకో చోటికి మోసుకుపోతే పనికిరాదు. వాళ్ళ దేశంలోనే ఒకే మొక్కకి ఒక ప్రాంతంలో ఒక తరగతి, ఇంకో ప్రాంతంలో ఇంకో తరగతి ఇచ్చారు. ఎండ ఎక్కువున్న చోట తడి వెతుక్కునే మొక్క, వానలు ఎక్కువున్న చోట గట్టు మీద కూడా హాయిగా పెరుగుతుంది.

నూటికినూరు
నేనూ జాబితాని కాపీ కొట్టమనలేదు, లెక్కనే తీసుకోమంటున్నాను. తరగతులు మీరే వేసుకోండి. మీరు తిరిగే చోట ఒక మొక్క 10 సార్లు కనబడితే ఎన్నిసార్లు నీళ్ళు నిలిచే చోట, ఎన్నిసార్లు గట్టు మీద అని నోట్‌బుక్‌లో గీతలు పెట్టండి, ఒక ఏడాదికి మీ జాబితా మీకే వస్తుంది. గరిక లాంటివి రెండు పక్కలా సమానంగా పడతాయి, వాటిని నమ్మకండి. గరిక వరద తట్టుకుంటుంది, ఎండా తట్టుకుంటుంది, దాని సాక్ష్యం ఎవరికీ పనికిరాదు.

కంకిలెన్స్
దీనికి తోడు ఒకటి. ఇంటిపేరు, అంటే జాతి పేరు చూసి తరగతి వేయకండి. ఆల్టర్నాంథెరా జాతినే తీసుకోండి. పొన్నగంటి తడి అంచుల్లో పాకుతుంది, దాని తోబుట్టువు ముళ్ళ పొన్నగంటి మాత్రం జనం తొక్కే ఎండు దారిలో కాళ్ళకి గుచ్చుకుంటుంది. తుంగముస్తె కూడా అంతే, చుట్టాల్లో ఎక్కువమంది నీళ్ళలో ఉంటే ఇదొక్కతే చేలో తిరుగుతుంది. జాతి దాకా వచ్చి ఆగిపోతే సగం దారిలో ఆగినట్టే.

తుంగల్ని జాతి లోపల విడదీయాలంటే ముదిరిన గింజ కావాలి. పూత మీద ఉన్నది తెచ్చి పేరు చెప్పమంటే నేను చెప్పను, నా కంటే పెద్దవాళ్ళు కూడా చెప్పరు. గింజ మూడు పలకలా, చదునా, మీద గీతలున్నాయా, ఎలియోకారిస్ అయితే గింజ నెత్తిన టోపీ ఉందా, ఇవే తేడాలు.

మన్నువాసన
మొక్కలవాళ్ళందరూ పైపైనే తిరుగుతున్నారు, ఒక్క పార పోటు వేయండి బాబూ. 30 సెంటీమీటర్లు తవ్వితే సగం గొడవలు తీరిపోతాయి.

మట్టికి ఎరుపు, పసుపు రంగులిచ్చేది ఇనుము. నీళ్ళు నిలిచి గాలి అందనప్పుడు సూక్ష్మజీవులు ఆ ఇనుముని కరిగిపోయే రూపంలోకి మారుస్తాయి, అది నీళ్ళతో పాటు కదిలిపోతుంది, మిగిలిన మట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. మళ్ళీ గాలి తగిలిన చోట ఇనుము తుప్పులా పేరుకుంటుంది. అందుకే బూడిద రంగు మట్టిలో అక్కడక్కడా నారింజ మచ్చలు కనిపిస్తాయి. అంతకంటే అందమైనది ఏంటంటే, ఒక మట్టిపెళ్ళని విరిచి లోపలి సన్నటి వేరు చుట్టూ చూడండి. బతికున్న వేరు చుట్టూ తుప్పు గొట్టం ఉంటే, ఆ వేరు బెండులోంచి దిగిన గాలి బయటికి కారి ఇనుముని అక్కడే పట్టేసిందన్నమాట. గట్టుమీదచెట్టు గారు చెప్పిన గొట్టాలు నిజంగా పనిచేస్తున్నాయని మట్టిలో పడిన ముద్ర అది. వేరు బతికి ఉంటే తడి ఈ మధ్యదే.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది చిత్తడే, ఇక తవ్వక్కర్లేదు, మూసేయండి.

జాగ్రత్త ఒకటి. మచ్చల అంచు పదునుగా, గీసినట్టు ఉంటే అవి పాతకాలం నాటివి కావచ్చు. అంచు చెదిరి చుట్టూ మట్టిలోకి కలిసిపోతూ ఉంటే ఇప్పటివి.

రాత్రిచుక్క
నేను పూర్తిగా కొత్త, క్షమించండి, చిన్న ప్రశ్న. ఇంత తవ్వడం, నలపడం దేనికి, ఫోన్ యాప్‌లో ఫోటో పెడితే పేరు వచ్చేస్తుంది కదా? నాకు తామర, కలువ రెండూ కరెక్టుగానే చెప్పింది.

కంకిలెన్స్
తామర, కలువ అయితే యాప్ కూడా అక్కర్లేదండీ. తామరాకు నిండు పళ్ళెంలా ఉంటుంది, చీలిక ఉండదు, కాడ ఆకు నడిమధ్యన అతుక్కుంటుంది, నీటి చుక్క జారిపోతుంది. కలువాకుకి ఒక పక్క కాడ దాకా చీలిక ఉంటుంది.

పెద్ద పువ్వున్నవాటికి యాప్ బాగానే పనిచేస్తుంది. తుంగ ఫోటో పెట్టి చూడండి, వారంలో మూడు పేర్లు చెప్తుంది, మూడింటికీ పచ్చగా టిక్ పెడుతుంది. తప్పు దానిది కూడా కాదు. పైనుంచి తీసిన పచ్చటి ముద్దలో గింజా లేదు, తొడుగూ లేదు, వేరూ లేదు. ఏ మొక్కకైనా నాలుగు ఫోటోలు తీయండి: నిలబడిన మొక్క మొత్తం, కాడ అడుగు, ఆకు కాడని చుట్టుకునే చోటు, కంకి దగ్గరగా. పక్కన స్కేలు పెట్టండి. పేరు తర్వాత వెతుక్కోవచ్చు, కాడ అడుగు ఫోటో కోసం మళ్ళీ వెళ్ళలేరు.

రాత్రిచుక్క
థాంక్యూ. నీళ్ళ లోపల ఉండేవాటిని మా వాళ్ళందరూ నాచు అనే అంటారు, అవన్నీ ఒకటేనా?

నీటిపుల్ల
కాదు. బయటికి తీసి చేతిలో విప్పి చూడండి. కాడ చుట్టూ చక్రంలా ఆకులు, అంచు గరగరలాడితే హైడ్రిల్లా. ఆకులు కొమ్ముల్లా రెండుగా చీలుతూ పోయి, వేళ్ళే లేకపోతే సెరటోఫిల్లం. నలిపితే వెల్లుల్లి లాంటి ఘాటు వాసన, చేతికి గరుకుగా సున్నం పట్టినట్టు ఉంటే ఖారా. చూడటానికి మొక్కలా ఉన్నా నిజంగా నాచు కుటుంబానికి చెందింది ఈ మూడోదే, మిగతా రెండూ పూలు పూసే మొక్కలు.

వీటిని ఎండబెట్టి దాచాలంటే పేపర్ల మధ్య పెట్టకండి, ముద్దయిపోతుంది. ఒక ట్రేలో నీళ్ళు పోసి మొక్కని తేలనివ్వండి, కింద నుంచి గట్టి కాగితం దూర్చి మెల్లగా పైకి లేపండి, ఆకులు నీళ్ళలో ఎలా విచ్చుకున్నాయో అలాగే కాగితం మీద పరుచుకుంటాయి. నాకు ఇది రావడానికి ఓ పది కాగితాలు చిరిగాయి.

బురదకాళ్ళు
పది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. మళ్ళీ వెళ్ళాను. ఈసారి తుంగని చూసి పరిగెత్తలేదు. నీటి అంచు నుంచి గట్టు బయటికి 60 మీటర్ల తాడు కట్టి, 5 మీటర్లకొకసారి 1 మీటరు చతురస్రం పెట్టి, దాంట్లో ఏమేమి ఎంత కప్పాయో రాసుకున్నాను. మొదటి రోజు 4 చతురస్రాలే అయ్యాయి, నడుం విరిగింది.

నీటి అంచు దగ్గర జమ్ము, ఎలియోకారిస్. టప్ టప్ చప్పుడు వచ్చింది కంకిలెన్స్ గారూ! పిల్లాడిలా పావుగంట నొక్కుతూ కూర్చున్నాను. 15 మీటర్ల దాకా గుంటగలగర, నీరుగొబ్బి. 20 దగ్గర గరిక మొదలైంది, తుంగముస్తె కూడా ఇక్కడి నుంచే. 30 దగ్గర వెంపలి, తుమ్మి, 35 నుంచి తంగేడు. నేను సొంతంగా వేసుకున్న తరగతులతో లెక్క కడితే 20 దగ్గర 2.6, 25 దగ్గర 3.4 వచ్చింది. రెండు చోట్లా తవ్వాను. 20 దగ్గర బూడిద మట్టి, వేళ్ళ చుట్టూ తుప్పు గొట్టాలు ఉన్నాయి, 25 దగ్గర గోధుమరంగు మట్టి, మచ్చల్లేవు. పోయినసారి నేను గీసిన గీత ఎక్కడో తంగేడు పొదల్లో ఉంది, తలచుకుంటే సిగ్గేస్తోంది. ఆ 20కీ 25కీ మధ్య నేల ఎత్తు తేడా ఒక జానెడు కూడా లేదు, అది మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

సీనియర్ చూసి "ఊ" అన్నాడు. ఆయన దగ్గర అదే పెద్ద మెప్పు.

నూటికినూరు
శభాష్. 20, 25 మధ్య ఇంకో నాలుగు చతురస్రాలు పెట్టండి, మీటరుకొకటి. గీత 22 దగ్గరా 24 దగ్గరా అన్నది రేపు ఎవరో అడుగుతారు. వానల తర్వాత అదే తాడు అదే చోట మళ్ళీ కట్టండి, మేకులు అక్కడే ఉంచేసి రండి. ఎండిన కాలంలో మెట్ట ఏడాది మొక్కలు కిందికి దిగి వస్తాయి, అప్పుడు వేసిన గీత ఒక్కటీ చూపిస్తే సగం కథే.

బురదకాళ్ళు
ఒక్కటి మాత్రం తేలలేదు. 10 మీటర్ల దగ్గర పొన్నగంటిలాంటిది చాపలా అల్లుకుని నీళ్ళ మీదికి కూడా పోయింది. ఎదురెదురు ఆకులు, తెల్లటి పూలబంతులు. పొన్నగంటి అని రాసేశాను గానీ మనసులో ఏదో తేడాగా ఉంది, మరీ ఏపుగా ఉంది.

కంకిలెన్స్
పూలబంతి ఆకు మొదట్లోనే కాడకి అతుక్కుని ఉందా, లేక దానికి విడిగా పొడుగు కాడ ఉందా? కాండం విరిచి చూడండి, బోలుగా ఉందా?

బురదకాళ్ళు
ఇప్పుడే చూశాను. బంతికి వేలెడు కాడ ఉంది. కాండం బోలుగా, ఊదితే గాలి అటు పక్క వస్తోంది.

కంకిలెన్స్
అయితే పొన్నగంటి కాదు. ఎలిగేటర్ వీడ్ అంటారు, దాని చుట్టమే, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పొన్నగంటి బంతులకి కాడ ఉండదు, ఆకు పంగలోనే అతుక్కుని ఉంటాయి. గట్టు మీదికి ఎక్కిన ముక్కల్లో కాండం ఇంత బోలుగా ఉండదు, కాబట్టి బంతి కాడనే నమ్మండి. షీటులో పేరు మార్చండి, తరగతి కూడా చూసుకోండి.

ఇంతకీ "ఇప్పుడే చూశాను" అంటున్నారు, మొక్క మీ దగ్గరే ఉందా?

బురదకాళ్ళు
ఫోటోల కోసం నాలుగు తీగలు తెచ్చి బకెట్లో నీళ్ళు పోసి పెట్టాను. వారం అయింది, చక్కగా వేళ్ళు కూడా వేసింది.

గట్టుమీదచెట్టు
ఆ నీళ్ళు కాలవలో పోయకండి! ఒక్క కణుపు ముక్క చాలు దానికి. నీళ్ళు గుడ్డలోంచి వడకట్టి మట్టి లేని గచ్చు మీద పోయండి, తీగలు, గుడ్డ నల్ల కవరులో కట్టి పెళపెళ విరిగేదాకా ఎండలో పెట్టండి. మీ బూట్ల అడుగులు, తాడు, ఆ చతురస్రం మూలలు కూడా చూసుకోండి.

బురదకాళ్ళు
తాడు ముడిలో రెండు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి అప్పుడే చిగురు వేసింది.